నెంబర్లు అడిగిన అల్లుడికి

తెనాలి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను, వాయిస్ మెసేజీ విన్నాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా మంచి సెట్టే కొన్నావు. పక్కకి రెండేసి 18 అంగుళాల బేసులు, ఒక్కో టాపు, టాపులో 15 అంగుళాల స్పీకరూ హార్నూ. ప్రాసెసర్ కూడా రెండు ఇన్నులు, ఆరు అవుట్లు ఉన్నది. పెళ్లిళ్లకీ, ఊళ్లో నాటకాలకీ ఇంతకంటే అక్కర్లేదు.

"క్రాసోవర్ నెంబర్లు పంపు మామయ్యా, పెట్టేసుకుంటాను" అన్నావు. అవి పంపడానికి ఒక్క లైను చాలు. పంపలేదని అలిగావట, అక్క చెప్పింది. ఫోన్‌లో పంపితే నెంబర్లు మాత్రం చూసుకుని మిగతాది వదిలేస్తావని, కాగితం మీద రాసి పోస్టులో వేస్తున్నాను. నెంబర్లు ఇందులోనే ఉన్నాయి, కాకపోతే చివర్లో.

నీ దగ్గర ఇప్పటికే ఒకరిచ్చిన నెంబర్లున్నాయి కదా, 120, 800 హెర్ట్జ్ అని. వాటితోనే ఒక హార్న్ డయాఫ్రం పోయింది. ఇచ్చిన కుర్రాడు నిన్ను మోసం చేయలేదు. అతని టాపుల్లో ఉన్నది నాలుగంగుళాల డయాఫ్రం, రెండంగుళాల నోరు ఉన్న పెద్ద యూనిట్ అని నువ్వే చెప్పావు. దాన్ని 800 దగ్గర కోసినా తట్టుకుంటుంది. నీది మూడంగుళాల డయాఫ్రం, 1.4 అంగుళాల నోరు. ఫొటోలో మాగ్నెట్ మీది స్టిక్కరు చూసి ఆ మోడల్ షీటు తెరిచాను. 1200 నుంచి పైకి, 24 స్లోప్‌తో వాడమని కంపెనీవాడే రాశాడు. ఆ నెంబరు ఆపరేటర్‌ది కాదు, బాక్సుది. ఒకరి బాక్సు నెంబరు ఇంకొకరి బాక్సుకి పనికిరాదు. నేను ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నది ఈ ఒక్క ముక్క చెప్పడానికే.

క్రాసోవర్ 1200కి పెడితే దాని కింద హార్న్‌లోకి ఏమీ పోదని చాలామంది అనుకుంటారు. పోతుంది. 24 స్లోప్ అంటే ఒక ఆక్టేవ్ కింద, అంటే 600 దగ్గర, సుమారు 24 డెసిబెల్ తగ్గుతుంది, అంతే. 12 స్లోప్ పెడితే తగ్గుదల అందులో సగం. ఇంకోపక్క, అదే మోత రావాలంటే ఫ్రీక్వెన్సీ దిగేకొద్దీ డయాఫ్రం ఎక్కువ ఊగాలి. ఒక ఆక్టేవ్ దిగితే కనీసం రెట్టింపు. హార్న్ పట్టు సడలే చోటికొస్తే ఇంకా ఎక్కువ. నువ్వు 1200 నుంచి 800కి దించావు, అంటే ఊపు కనీసం ఒకటిన్నర రెట్లు. పైగా మగవాళ్ల గొంతు, డోలు, కీబోర్డు అన్నిట్లోనూ బలమంతా ఆ కింది భాగంలోనే ఉంటుంది. పోయిన డయాఫ్రం ఒకసారి చేతిలోకి తీసుకుని చూడు. కాయిల్ నల్లబడి, వార్నిష్ వాసన వస్తుంటే వేడికి పోయినట్టు. కాయిల్ బాగానే ఉండి టైటానియం రేకు అంచు దగ్గర సన్నగా చీలి ఉంటే ఊపుకి పోయినట్టు. మొదటిది పవర్ తప్పు, రెండోది క్రాసోవర్ తప్పు. నీది రెండోదేనని నా అనుమానం. రేకు ఫొటో తీసి పంపు.

"అయితే ఇంకా పైకి, 2500 దగ్గర కోస్తే హార్న్ ఎప్పటికీ పోదు కదా" అంటావు. పోదు. కానీ పక్క వరసల వాళ్లకి మాట పోతుంది. శబ్దం వేగం మన ఎండల్లో సెకనుకి దాదాపు 350 మీటర్లు. 1000 హెర్ట్జ్ అల పొడుగు 35 సెంటీమీటర్లు. నీ 15 అంగుళాల స్పీకర్‌లో నిజంగా కదిలే కోన్ అడ్డంగా కొలిస్తే 33 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అల పొడుగు కోన్ వెడల్పుకి దగ్గరపడ్డాక శబ్దం పక్కలకి విచ్చుకోవడం మానేసి ముందుకి సన్నగా పోతుంది. 2000 దాటాక ఆ కోన్‌కి ఎదురుగా కూర్చున్నవాడే వింటాడు. ఆ పైన హార్న్ అందుకోగానే శబ్దం మళ్లీ 90 డిగ్రీలు విచ్చుకుంటుంది. పక్క కుర్చీల వాళ్లకి కిందిది ఉంటుంది, పైది ఉంటుంది, మాట అర్థమయ్యే నడిమి ముక్క ఉండదు. నోటికి తుండుగుడ్డ కట్టుకుని మాట్లాడినట్టుంటుంది. దీన్ని ఈక్వలైజర్‌తో బాగుచేద్దామని 2000 దగ్గర పెంచితే మధ్య వరసలో చెవులు కోసుకుపోతాయి, పక్కన మాత్రం అలాగే ఉంటుంది. ఈక్వలైజర్ ఎంత పెంచాలో చెబుతుంది గానీ ఎటు పంపాలో చెప్పలేదు.

హార్న్ కూడా ఎంత కిందికి దిగినా 90 డిగ్రీలు నిలుపుకోదు. దానికి డాన్ కీల్ అనే అమెరికా ఇంజనీరు 1975లో ఒక సులువు లెక్క ఇచ్చాడు. పది లక్షలను హార్న్ కోణంతో భాగించు, వచ్చినదాన్ని మూతి వెడల్పు అంగుళాలతో భాగించు. ఆ ఫ్రీక్వెన్సీ దాకా హార్న్ తన కోణాన్ని నిలబెట్టుకుంటుంది. 90 డిగ్రీలు, 12 అంగుళాల మూతి అయితే సుమారు 925. నీ హార్న్ మూతి టేపుతో కొలిచి నువ్వే వేసుకో. యూనిట్ 1200 కంటే కిందికి వద్దంటోంది, కోన్ 1000 దాటితే సన్నబడతానంటోంది, హార్న్ 925 నుంచి సిద్ధమంటోంది. మూడింటికీ రాజీ కుదిరే చోటు 1200 దగ్గరే. ఇందులో నా ఇష్టం గానీ నీ ఇష్టం గానీ ఏముంది?

ఇక స్లోప్‌ల పేర్లు. ప్రాసెసర్‌లో బటర్‌వర్త్, బెసెల్, లింక్‌విట్జ్ రైలీ అని కనబడతాయి. లింక్‌విట్జ్, రైలీ ఇద్దరూ హ్యూలెట్ ప్యాకార్డ్‌లో పనిచేసిన ఇంజనీర్లు. లింక్‌విట్జ్ 1976లో రాసిన వ్యాసంతో ఈ పద్ధతి లోకానికి తెలిసింది. కోత దగ్గర రెండు స్పీకర్లూ చెరి 6 డెసిబెల్ తగ్గి ఉంటాయి, ఒకే ఫేజులో కలిసి మళ్లీ పూర్తి మోతకి వస్తాయి. 24 బటర్‌వర్త్‌లో చెరి 3 డెసిబెలే తగ్గుతాయి కాబట్టి కలిసినచోట 3 డెసిబెల్ ఉబ్బుతుంది. స్టేజి మీద అది 1200 దగ్గర మైకు కూతకి దారి. కాబట్టి లింక్‌విట్జ్ రైలీ 24 పెట్టు, మిగతావాటి జోలికి పోకు. 12 పెడితే హార్న్ పోలారిటీ తిప్పాలి, అది మర్చిపోతే కోత దగ్గర పెద్ద గుంట పడుతుంది. 48 గురించి కుర్రాళ్లు గొప్పగా చెప్పుకుంటారు గానీ నీకు అవసరం లేదు.

ఫొటోల్లో నేను ముందు చూసింది వేరే సంగతి. ఒక ఫొటోలో టాపులు అడ్డంగా పడుకోబెట్టి ఉన్నాయి. స్టేజి ముందు ఎవరికీ అడ్డు రాకూడదని పెట్టి ఉంటావు. ఇంకెప్పుడూ అలా పెట్టకు. 15 అంగుళాల స్పీకరు నడిమి నుంచి హార్న్ నడిమికి నీ బాక్సులో 38 సెంటీమీటర్లు ఉంటుందనుకో. కోత దగ్గర రెండూ ఒకే ముక్క వాయిస్తున్నాయి. ఎదురుగా నిలబడితే రెండూ ఒకేసారి చేరతాయి. కొంత పక్కకి జరిగితే ఒకటి సగం అల పొడుగు వెనకబడుతుంది, రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. నీ లెక్కన 1000 దగ్గర అది సుమారు 27 డిగ్రీల దగ్గర జరుగుతుంది. 1200 దగ్గర ఇంకాస్త లోపలికే వస్తుంది. బాక్సు నిలువుగా ఉంటే ఆ గుంటలు పైకీ కిందికీ పోతాయి, అక్కడ మనుషులుండరు. అడ్డంగా పడుకోబెడితే ఆ గుంట నేరుగా ఆడవాళ్లు కూర్చున్న వరస మీద పడుతుంది. స్టాండు ఎక్కించి, మనుషుల తలలకంటే పైన, నిలువుగా పెట్టు.

ఇప్పుడు టైము. మన లైనులో అందరూ వదిలేసేది ఇదే, ఎందుకంటే డెలే పేజీ తెరవకపోయినా సౌండు వస్తుంది కదా. ఇది కొత్త బాధేం కాదు. 1930ల్లో ఎమ్‌జీఎమ్ స్టూడియోలో జాన్ హిలియర్డ్ అనే ఇంజనీరు పెద్ద హార్న్ స్పీకర్లు పరీక్షిస్తుంటే, ఎలినార్ పవెల్ ట్యాప్ డాన్స్‌లో ఒక్కో అడుగు చప్పుడూ రెండుగా వినబడిందని చెబుతారు. బేస్ హార్న్ మడతలు మడతలుగా పొడుగ్గా ఉండటంతో దాని శబ్దం పై హార్న్ కంటే ఆలస్యంగా బయటికొచ్చేది. అక్కడినుంచి రెండు హార్న్‌ల పొడుగులూ దగ్గర చేసి కట్టారు. అదే షియరర్ హార్న్. దానికి 1936 సంవత్సరపు ఆస్కార్ సాంకేతిక అవార్డు వచ్చింది. వాళ్లు చెక్క కోసి సరిచేసినదాన్ని నువ్వు బటన్ నొక్కి సరిచేయొచ్చు. ఆ బటన్ నొక్కడానికి మనవాళ్లకి తీరిక ఉండదు.

నీ టాపులో తేడా అడుగుల్లో ఉండదు, సెంటీమీటర్లలో ఉంటుంది. హార్న్ వెనకాల ఉన్న డయాఫ్రం, 15 అంగుళాల కోన్ కంటే ఎంత వెనక ఉందో బాక్సు పక్కన టేపు పెట్టి చూడు. 35 సెంటీమీటర్లకి ఒక మిల్లీసెకను. వెనక ఉన్నదాన్ని వదిలేసి ముందున్నదానికి డెలే ఇవ్వాలి. ఇంత చిన్న తేడాకి ఏమవుతుందనకు. 1200 దగ్గర 0.4 మిల్లీసెకను పైచిలుకు తప్పితే చాలు, కలవాల్సినవి రెండూ ఎదురుతిరుగుతాయి.

టేపుతో వచ్చింది మొదలు మాత్రమే. తర్వాత ఇలా చెయ్యి. ఖాళీ స్థలంలో ఒక్క టాపు స్టాండు మీద పెట్టు. బేసులు ఆపేయి. ఎదురుగా నాలుగైదు మీటర్లలో, బాక్సు నడిమి ఎత్తులో మైకు పెట్టి ఫోన్‌లో గానీ ల్యాప్‌టాప్‌లో గానీ మీటరు చూడు. హార్న్ పోలారిటీ ప్రాసెసర్‌లో తిప్పు. 1200 హెర్ట్జ్ టోన్ మెల్లగా వదులు. డెలే కొంచెం కొంచెం జరుపుతూ పో. ఒకచోట మీటరు దబ్బున కిందికి పడిపోతుంది, టోన్ దాదాపు మాయమవుతుంది. ఆ డెలేనే నీది. పోలారిటీ మళ్లీ మామూలుకి తిప్పేయి. అన్నీ అయ్యాక ఆ ఒక్క బటన్ తిప్పడం మర్చిపోయి ప్రోగ్రాము చేసేవాళ్లని నేను చూశాను, అందుకే మళ్లీ రాస్తున్నాను: పోలారిటీ మామూలుకి తిప్పేయి. ఇంకో మాట. ఈ గుంట ఒకచోటే రాదు, 0.83 మిల్లీసెకన్లకి ఒకసారి వస్తుంది. టేపు కొలతకి దగ్గర్లో వచ్చిందే తీసుకో.

బేసులకీ టాపులకీ మధ్య డెలే కూడా ఇదే పద్ధతి, కాకపోతే 100 హెర్ట్జ్ అల దాదాపు మూడున్నర మీటర్లు కాబట్టి సెంటీమీటర్ల గొడవ లేదు, మీటర్ల గొడవ ఉంది. బేసులన్నీ స్టేజి నడుమ పెట్టి టాపులు రెండు చివర్లా పెడితే అన్ని కుర్చీలకీ సరిపోయే డెలే లేదు. జనం ఎక్కువ కూర్చునే చోట నిలబడి కలుపు, మిగతాచోట్ల కొంత పోనీ. పగలు పెట్టిన డెలే రాత్రి చల్లబడ్డాక మారుతుందా అని అడుగుతావేమో. నీ సైజు సెట్టుకి పట్టించుకోనక్కర్లేదు.

బేసులకి కింది కోత తప్పనిసరి. వెంటు ఉన్న బాక్సు తన ట్యూనింగ్ కిందికి పోతే కోన్‌ని పట్టుకునే గాలి ఉండదు. ఊగడం కనిపిస్తుంది, సౌండు రాదు. కోన్‌కి ఒక ఆక్టేవ్ దిగితే ఊపు నాలుగు రెట్లు. నీ బాక్సు 40 దగ్గర ట్యూన్ అయి ఉంటే 35 దగ్గర కోసేయి. డీజే కుర్రాళ్లు గొణుగుతారు, గొణగనీ. రాత్రి 10 దాటాక లౌడ్ స్పీకర్ వద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలే చెబుతున్నాయి. పోలీసులొచ్చేది కూడా ఎక్కువగా ఆ దడదడ మూడు వీధులవతలికి పోయినప్పుడే.

లెవెల్ సంగతి చిన్నదే. హార్న్ యూనిట్లు ఒక వాట్‌కి 108 డెసిబెల్ దాకా ఇస్తాయి, 15 అంగుళాలది 98 ఇస్తే గొప్ప. కాబట్టి ప్రాసెసర్‌లో హార్న్ అవుట్‌ని 8 నుంచి 10 డెసిబెల్ తగ్గించి మొదలుపెట్టు. ఆంప్లిఫయర్ నాబ్‌లతో తగ్గించకు. తెల్లారి ఎవడో నాబ్ పూర్తిగా తిప్పేస్తాడు.

ఇంకో రెండు విషయాలు బాక్సు వెనక మూత తీసి చూడాల్సినవి. మొదటిది, టాపు లోపల పాత ప్యాసివ్ క్రాసోవర్ బోర్డు ఇంకా ఉందా? దాన్ని వైర్లలోంచి తప్పించకుండా ప్రాసెసర్‌తో కూడా కోస్తే రెండుసార్లు కోసినట్టు. పైన చెప్పిన లెక్కలేవీ పనిచేయవు. రెండోది, హార్న్‌కి వరసలో ఒక కెపాసిటర్ ఉండాలి. ఎవరో పొరపాటున బేస్ వైరు హార్న్‌కి గుచ్చినా, ఆంప్లిఫయర్ ఆన్ అయ్యేటప్పుడు ధబ్‌మన్నా అది అడ్డం పడుతుంది. 8 ఓమ్‌ల యూనిట్‌కి 50 మైక్రోఫారడ్ దాకా వేస్తే సుమారు 400 దగ్గర కోస్తుంది, నీ 1200 కోతని పెద్దగా కదిలించదు. పోలారిటీ ఉన్న మామూలు ఎలక్ట్రోలిటిక్ వేయకు.

మీ నాన్న దగ్గర పాత అనలాగ్ క్రాసోవర్ ఉంది కదా, స్పేర్‌గా తీసుకెళ్తానన్నావు. తీసుకెళ్లు. కానీ ముందు ప్యానెల్ మీద ×10 అని చిన్న బటన్ ఉంటుంది, వేలు తగిలి లోపలికి పోతే 120 కాస్తా 1200 అవుతుంది. ప్రోగ్రాము ముందు దాని మీద టేపు అంటించు.

ఇక నెంబర్లు. బేస్ 35 నుంచి 100. 15 అంగుళాలది 100 నుంచి 1200. హార్న్ 1200 నుంచి పైకి. 100, 1200 కోతలు రెండూ లింక్‌విట్జ్ రైలీ 24, బేస్ కింది కోత బటర్‌వర్త్ 24. హార్న్ మైనస్ 9 దగ్గర మొదలుపెట్టు. డెలే నువ్వు కొలిచినది. ఇవి నీ బాక్సువి. నువ్వు కూడా ఎవరికీ ఇవ్వకు. అడిగితే షీటు తెరిచి చూడమను.

పెట్టాక పాట వేసి తల ఊపకు. ఒక కుర్రాణ్ణి మైకు ముందు నిలబెట్టి "కల, తల, వల, పల" అని వరస మార్చి మార్చి చదవమను. నువ్వు ఆఖరి వరసలో కాగితం మీద విన్నది రాసుకో. తర్వాత పక్క వరసకి వెళ్లి మళ్లీ రాయి. అచ్చులు గట్టిగానే వినబడతాయి, తేడా అంతా హల్లులో ఉంటుంది. హల్లు ఎక్కువగా హార్న్ నుంచే వస్తుంది. రెండు కాగితాలూ అతను చదివినదానితో సరిపోతే సెట్టింగ్ కుదిరినట్టే. పద్య నాటకానికి సౌండ్ ఇచ్చే రోజున ఇది తప్పనిసరి. రాగం అందరికీ వినబడుతుంది, పద్యంలో మాట పోతే మాత్రం నటుడు ఆగి నీవైపే చూస్తాడు.

కొత్త డయాఫ్రం ఒకటే కొనకు, రెండు వైపులకీ ఒకే రకం కొను. చీలిన రేకు ఫొటో, హార్న్ మూతి కొలత, రెండు టాపుల్లోనూ వచ్చిన డెలే అంకెలు నాకు పంపు. రెండు టాపులూ ఒకే రకం కాబట్టి డెలే కూడా దాదాపు ఒకటే రావాలి. తేడా ఎక్కువ వస్తే ఒకదాంట్లో వైర్లు తిరగబడి ఉండొచ్చు. అది తేలేదాకా హార్న్ ఆంప్లిఫయర్ ఆన్ చేయకు.



మీ మామయ్య